బొగ్గుగీత గుడ్లు

నీలమ్మ పొదగేసిన కోడి కింద గుడ్డు వృథా పోదని ఫిలింనగర్ బస్తీలో ఒక పేరుండేది. పైన జూబ్లీహిల్స్‌లో పెద్దవాళ్లు తమ పేర్లు నల్లరాతి మీద చెక్కించి గేట్లకు తగిలించుకున్నారు. నీలమ్మకు గేటు లేదు కాబట్టి తన పేరును తన నోటితోనే మోసుకు తిరిగేది. "నా చెయ్యి వడ్డదంటె రాయి గూడ పిల్లయితది" అనేది. వినేవాళ్లు నవ్వేవాళ్లు, నమ్మేవాళ్లు కూడా. కాస్త తగ్గి మాట్లాడి ఉంటే ఎంత బాగుండేదో ఆమెకు తర్వాత తెలిసింది. తర్వాత తెలిసేవన్నీ అంతే, తెలిసి ఏడిపించడానికే తెలుస్తాయి.

ఆమెది దేవరకొండ వైపు ఊరు. ఎనభై నాలుగులో మొగుడు భిక్షం వెంట హైదరాబాదు వచ్చింది. సినిమావాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకొచ్చి కొండల మీద ఇళ్లు కట్టుకుంటున్న రోజులవి. అలా వచ్చిన నిర్మాత చలపతిరావు గారి బంగళాలో భిక్షానికి వాచ్‌మన్ పని, నీలమ్మకు అంట్లు తోమి ఇల్లూడ్చే పని దొరికాయి. కాపురం మాత్రం కొండ కింద బస్తీలో, బండరాళ్ల మధ్య వేసుకున్న రేకుల గుడిసెలో. ఆ గుడిసెలో కూతురు జంగమ్మ, నాలుగు పెట్టలు, ఒక పుంజు, ఇవీ ఆమె ఆస్తి.

పెట్ట పొదగడానికి వచ్చిందంటే నీలమ్మ దూరం నుంచే పట్టేసేది. అది ఈకలు నిక్కబొడుచుకుని, కుర్రుకుర్రుమంటూ ఒక మూల పట్టుకుని కూర్చునేది, దగ్గరికి పోతే చెయ్యి పొడిచేది. నీలమ్మ గంపలో మెత్తటి ఇసుక పోసి, పైన గడ్డి పరిచి, ఓ పక్కన బొగ్గుముక్క, ఎండుమిరపకాయ, ఇనుప మొల పెట్టేది. ఉరుములకు గుడ్లు అదిరి చెడిపోకుండా ఆ మూడూ కాస్తాయని ఊళ్లో అత్త చెప్పింది. ఇక్కడ ఉరుముల కంటే బండలు పేల్చే చప్పుళ్లే ఎక్కువ కాబట్టి, ఎందుకైనా మంచిదని మొలలు రెండు పెట్టేది. గుడ్లను ఒక్కొక్కటే ఎండకు పట్టి చూసి, పగులు లేనివి ఏరి, బేసి లెక్క చూసుకుని పెట్ట కింద సర్దేది.

ఆ తర్వాత మూడు వారాలూ కోడిదే భారం. రోజుకోసారి దిగి, నాలుగు గింజలు ఏరుకుని, నీళ్లు తాగి, దుమ్ములో ఒకసారి పొర్లి, ఎవరో తరుముతున్నట్టు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. గుడ్లను ముక్కుతో అటూ ఇటూ తిప్పుకుంటుంది. మూడో వారానికి దాని ఒళ్లు సగమవుతుంది, జుట్టు పాలిపోతుంది. అప్పుడు ఒక పొద్దున దాని రెక్కల కింద కిచకిచమని వినబడుతుంది. ఎన్నిసార్లు విన్నా నీలమ్మకు ఆ చప్పుడుకు ఒళ్లు ఝల్లుమనేది. "తల్లంటె గిది" అని కోడికి నూకలు పోసేది.

ఆ వరసలోనే నాలుగు గుడిసెల అవతల మల్లమ్మ ఉండేది. ఆమె మొగుడు పోచయ్య బండలు కొట్టేవాడు. పెళ్లయి ఏళ్లు గడిచినా వాళ్లకు పిల్లలు లేరు. రెండుసార్లు నెల తప్పి, రెండుసార్లూ నిలవలేదు. అయినా బస్తీలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు మల్లమ్మ కాళ్ల మీద పడుకోవాల్సిందే. పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను పిక్కల మీద బోర్లా వేసుకుని, ఒళ్లంతా నూనె మర్దించి, సున్నిపిండి రుద్ది, వేడినీళ్లు దోసిలితో జారవిడిచేది. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా ఆమె చెయ్యి తగిలితే మెల్లగా సద్దుమణిగేది. ఆమెది సల్లని చెయ్యి అని అందరూ అనేవారు. నీలమ్మే ఆమెను బంగళాకు తీసుకెళ్లి చలపతిరావు గారి భార్య శేషారత్నం గారికి చూపించింది. దాంతో పైన నాలుగైదు బంగళాల్లో బాలింతల ఇళ్లకు మల్లమ్మకు పిలుపులొచ్చాయి. పిల్లలు లేని మనిషికి రోజుకిద్దరు ముగ్గురు పిల్లలు ఒళ్లో ఉండేవారు. అది ఆమెకు కూలి ఒక్కటే కాదు.

ఎనభై ఆరు ఎండాకాలంలో బంగళాకు కొత్త ఫ్రిజ్ వచ్చింది. మనిషంత ఎత్తు. తలుపు తీస్తే లోపల లైటు వెలిగేది. నీలమ్మ దాన్ని తుడిచే నెపంతో రోజుకు నాలుగుసార్లు తీసి చూసేది. వారం కిందట తెచ్చిన కొత్తిమీర అందులో ఇప్పుడే కోసినట్టు నవనవలాడుతోంది. ఊళ్లో ఎండాకాలం పొదగేసే గుడ్లను దాచాలంటే నీళ్లకుండ కింద తడి ఇసుకలో పెట్టేవాళ్లు. కుండ కింద ఇసుకే అంత కాపాడితే ఇది ఇంకెంత కాపాడాలి? నీలమ్మ లెక్క నీలమ్మది. ఆ లెక్కలో తప్పుందని చెప్పగలిగిన వాళ్లు ఆ ఇంట్లోనూ లేరు, ఆ బస్తీలోనూ లేరు.

"అమ్మగారు, పొదగేసే గుడ్లు జర మీ ఫ్రిజ్‌ల పెట్టుకోనా?" అని అడిగింది.

శేషారత్నం గారు నవ్వారు. "పెట్టుకోవే, దాందేముంది. కానీ ఏదన్నా గుర్తు పెట్టు. లేకపోతే మా వంటాయన చూసుకోకుండా అట్టు పోసేస్తాడు."

నీలమ్మ ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో ఒక గీత గీసింది. స్టీలు గిన్నెలో పెట్టి, ఐసు గడ్డకట్టే అర కింద, అన్నిటికంటే చల్లగా ఉండే చోటు వెతికి మరీ లోపలికి తోసింది. రెండు వారాలకు పైగా కూడబెట్టింది. బస్తీలో ఇంటికో కోడిపిల్ల ఇస్తానని మాట కూడా ఇచ్చేసింది.

ఎర్రపెట్ట పొదగడానికి కూర్చునే వేళకు నీలమ్మ నెలసరిలో ఉంది. ఆ రోజుల్లో గుడ్లు ముట్టుకోకూడదని ఆచారం. అందుకని మల్లమ్మను పిలిచింది.

"నాతోని ఎందుకక్కా? నీది అచ్చొచ్చిన చెయ్యి" అని మల్లమ్మ వెనకాడింది.

"నీ చేతిల పోరగాండ్లే బతుకుతుండ్రు, గుడ్లు బతకయా? వెట్టు."

మల్లమ్మ చేతులు కడుక్కుని, పసుపు రాసుకుని, గీతలున్న గుడ్లను ఒక్కొక్కటే పెట్ట కిందికి జరిపింది. పెట్ట ఆమె చెయ్యిని ఒక్కసారీ పొడవలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ మూడు వారాలూ పనికి పోయేముందు వచ్చి గంపలోకి తొంగిచూసి పోయేది.

మూడు వారాలు గడిచాయి. కిచకిచలు లేవు. ఇంకో రెండు రోజులు చూశారు. నీలమ్మ గోరువెచ్చటి నీళ్లలో గుడ్లు వేసి చూసింది. లోపల పిల్ల ఉంటే గుడ్డు నీళ్లలో కదులుతుంది. ఒక్కటీ కదల్లేదు. పగలగొడితే కొన్నిట్లో నీళ్లు, కొన్నిట్లో కంపు. పెట్ట మాత్రం ఖాళీ గంప వదలకుండా ఎముకలగూడులా కూర్చునే ఉంది. దాన్ని చూస్తే నీలమ్మకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినప్పుడు కొందరు ఏడుస్తారు. నీలమ్మకు కోపం వస్తుంది.

మర్నాడు నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల వరసలో ఎవరో ఎకసెక్కమాడారు. "ఏందే నీలమ్మా, నీ కోడి మూడు వారాలు గాలి పొదిగిందంట గదా?"

"బండలు పేలుస్తుండ్రు గదా, గందుకే చెడిపోయినయేమో" అని ఇంకొకామె సర్దబోయింది. ఆ మాట పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ నీలమ్మకు బండలతో ఏం పని? తన పేరు పోతోంది.

"నా కోడేం జేస్తది, నా గంపేం జేస్తది? పొదగేసిన చెయ్యి గసొంటిది" అంది. అక్కడితో ఆగలేదు. "కడుపు పండనోళ్ల చేతికి గుడ్డు పండుతదా?"

మల్లమ్మ ఆ వరసలోనే, ఐదారు బిందెల వెనక నిలబడి ఉంది. నీలమ్మ ఆమెను చూడలేదని తర్వాత తనకు తాను చెప్పుకుంది గానీ, అది నిజం కాదు. చూసింది. చూసే అంది. మల్లమ్మ నిండని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు కాసేపు నోళ్లు నొక్కుకుని, పైపు దగ్గర తమ వంతు రాగానే ఆ మాట మరిచి నీళ్లు పట్టుకున్నారు.

మాట మాత్రం మరవలేదు. అది గుడిసె గుడిసెకూ తిరిగింది. ఆ నెలలో ప్రసవించిన ఇద్దరు బాలింతలు మల్లమ్మను పిలవలేదు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు, అంతే. వానాకాలంలో నీలమ్మ తన ఇంటి గంపలోనే ఉంచిన గుడ్లు తన చేత్తో పొదగేస్తే నల్లపెట్ట కింద పిల్లలన్నీ లేచాయి. దాంతో మాటకు సాక్ష్యం కూడా దొరికినట్టయింది. "చూసిండ్రా?" అని నీలమ్మ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. అందరూ చూశారు. మల్లమ్మకు ఇక మిగిలింది పైన బంగళాలే. బస్తీ మాట ఇంకా అక్కడిదాకా ఎక్కలేదు.

మరుసటి ఎండాకాలం నీలమ్మ మళ్లీ ఫ్రిజ్‌లో గుడ్లు దాచింది, మళ్లీ బొగ్గుగీతలు పెట్టింది. మధ్యలో ఫ్రిజ్ పాడై రిపేరుకు పోయింది. అందుకని ఆ తర్వాత పెట్టిన గుడ్లను, పాత పద్ధతిలో, కుండ కింద ఇసుకలో పెట్టింది. వాటికి గీతలు పెట్టలేదు. రెండు రకాలూ కలిపి ఎర్రపెట్ట కిందే వేసింది. ఈసారి తన చేత్తోనే, తలంటు పోసుకుని, దండం పెట్టుకుని మరీ వేసింది.

పిల్లలు లేచిన పొద్దున నీలమ్మ ఉత్సాహంగా గంప దగ్గర కూర్చుంది. కిచకిచలు వినబడ్డాయి. పెట్టను మెల్లగా ఎత్తి చూసింది. తడి ఆరని పిల్లలు, పగిలిన పెంకులు. పెంకుల మీద గీతలు లేవు. గీతలున్న గుడ్లన్నీ గడ్డిలో చెక్కుచెదరకుండా పడి ఉన్నాయి. ఒకటి పగలగొట్టింది. నీళ్లు. ఇంకొకటి. నీళ్లే. అన్నీ పగలగొట్టింది. ఒక్కదాంట్లోనూ ప్రాణం పట్టలేదు.

అప్పుడామె అక్కడే నేల మీద చతికిలబడింది. ఒకే పెట్ట, ఒకే గంప, ఒకే చెయ్యి. గుడ్లను చంపింది చల్లదనం. కుండ కింది చల్లదనం వేరు, ఫ్రిజ్ చల్లదనం వేరు. పోయినేడాది గుడ్లన్నిటి మీదా గీతలున్నాయి. మల్లమ్మ చేతిలోకి వెళ్లేసరికే అవి చచ్చిపోయి ఉన్నాయి. తనే చంపి, వాటిని ఆమె చేతిలో పెట్టి, చేతికి పేరు పెట్టింది. కోడిపిల్లలను చూస్తామని బస్తీ ఆడవాళ్లు వచ్చి, "నీ చెయ్యే చెయ్యి నీలమ్మా" అన్నారు. ఆమె ఆ పెంకులన్నీ ఒళ్లో మూట కట్టుకుని వెళ్లి ముళ్లపొదల్లో పారేసి వచ్చింది.

ఆ రోజే చెప్పొచ్చు. చెప్పాలనే అనుకుంది. రేపు చెబుదామనుకుంది.

అదే నెలలో శేషారత్నం గారి అమ్మాయి పురిటికి వచ్చింది. బంగళాలో ఉయ్యాల దులిపారు. ఒక మధ్యాహ్నం నీలమ్మ వంటింట్లో అంట్లు తోముతుంటే శేషారత్నం గారు వచ్చి నిలబడ్డారు.

"నీలమ్మా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ మల్లమ్మ చెయ్యి మంచిది కాదని మా డ్రైవర్ పెళ్లాం అంటోంది. ఏదో గుడ్లు కూడా మురిగిపోయాయట. నిజమేనంటావా? నువ్వే కదా ఆవిణ్ణి తీసుకొచ్చింది."

చేతిలో గిన్నె, గిన్నెలో బూడిద. రెండడుగుల దూరంలో ఆ ఫ్రిజ్, రిపేరయి వచ్చి గుర్రుమంటూ ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది, "మరి ఆ మాట అన్నదెవరే?" అని. నీలమ్మ గిన్నె మీదికి వంగి ఇంకా గట్టిగా తోమింది.

శేషారత్నం గారు వెనక్కి తిరిగారు. "సరేలే. నీకు చెప్పడం ఇష్టం లేనట్టుంది. పురిటి ఇల్లు, మనకెందుకొచ్చిన గొడవ, ఇంకెవర్నన్నా చూద్దాం" అని వెళ్లిపోయారు.

ఏడాది కిందటి మాట తెలియక అన్నది. ఈ మౌనం తెలిసి చేసింది. ఆ తేడా నీలమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక బంగళా మానేస్తే మిగతావీ మానేశాయి. ఆ వానాకాలంలోనే మల్లమ్మ, పోచయ్య సామాను నెత్తిన పెట్టుకుని మోతీనగర్ వైపు వెళ్లిపోయారు. వెళ్తూ నీలమ్మ గుడిసె ముందు నుంచే వెళ్లారు. నీలమ్మ లోపల చీకట్లో నిలబడి, వాళ్లు మలుపు తిరిగేదాకా బయటికి రాలేదు.

ఆ తర్వాత ఆమె పొదగేయడం మానేసింది. అడిగినవాళ్లకు కోళ్లకు తెగులని చెప్పింది. కానీ కోళ్లకు ఆ సంగతి తెలియదు కదా, వాటి కాలానికి అవి పొదగడానికి వచ్చేవి. గుడ్లు తీసేస్తే రాయి మీద కూర్చునేవి, ఖాళీ నేల మీద కూర్చునేవి. పొదుగుడు మాన్పించడానికి ఊళ్లో చేసే పనులన్నీ చేసింది. కోడిని బకెట్ నీళ్లలో ముంచింది. దాని ఈకే ఒకటి పీకి ముక్కు రంధ్రాల్లోంచి గుచ్చి వదిలింది. అది నొప్పికి తల విదిలించుకుంటూ, మళ్లీ ఆ రాయి దగ్గరికే పోయి కూర్చుంది. నీలమ్మ చూసి చూసి తట్టుకోలేక, వెళ్లి ఆ ఈక లాగేసి, కోడిని గుండెకు హత్తుకుని ఏడ్చింది. కోడి కోసమేనా అంటే, కోడి కోసం కూడా.

బంగళా వంటింట్లో, నీలమ్మ గుడ్లు దాచిన ఎండాకాలంలోనే తీసిన సినిమా ఒకటి ఓ ఆదివారం టీవీలో వచ్చింది. బస్తీ అంతా ఒకే టీవీ ముందు చేరింది. హీరో దాహమని ఫ్రిజ్ తలుపు తెరిచాడు. లోపల లైటు వెలిగింది, వెనకాల స్టీలు గిన్నె అంచు మెరిసింది. లోకమంతా హీరోను చూసింది, నీలమ్మ గిన్నెను చూసింది. అందులో ఏముందో ఇంతమందిలో తనొక్కదానికే తెలుసు. తలనొప్పని లేచి వచ్చేసింది.

తొంభై రెండులో జంగమ్మ తొలి కాన్పుకు తల్లి దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత ఉంది. ఎవరు నీళ్లు పోసినా గుక్కపట్టి ఏడ్చి నీలంగా అయిపోతోంది. నీలమ్మ తనే పీట వేసుకుని కూర్చుంది. బిడ్డను కాళ్ల మీద వేసుకుని, నూనెకు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏ చెయ్యి మంచిది, ఏ చెయ్యి కాదు అని తీర్పు చెప్పిన నోరు తనది. ఇప్పుడు తన చేతులంటే తనకే భయం వేసింది. బిడ్డను జంగమ్మకిచ్చేసి, చెప్పులేసుకుని మోతీనగర్ దారి పట్టింది.

మల్లమ్మ కిరాయి గది ముందు కూర్చుని బియ్యం చెరుగుతోంది. జుట్టు నెరిసింది. "రా అక్కా" అంది. చేట మాత్రం ఆపలేదు.

"జంగమ్మకు ఆడివిల్ల పుట్టింది."

"తెలిసింది. సల్లగుండాలె."

"నీళ్లు పోయనీకి నువ్వు రావాలె మల్లమ్మా."

చేట ఆగింది. "నా చెయ్యి మంచిది గాదు గదా" అంది మల్లమ్మ. ఎత్తిపొడుపుగా అనలేదు. ఊరి పేరు అడిగితే చెప్పినంత మామూలుగా అంది.

"నీ చెయ్యి గాదే. గా గుడ్లు నీ చేతికి రాకముందే సచ్చినయ్. బంగ్లా ఫ్రిజ్‌ల దాసిన. సల్లగుంటె మంచిదనుకున్న. మల్ల గట్లనే దాసి నా చేతితోని వొదగేసిన, గవ్వి గూడ సచ్చినయ్. కుండ కింద వెట్టినయి బతికినయ్. సంపింది నేను, పేరు నీకొచ్చింది" అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

మల్లమ్మ బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "గిది నీకెప్పుడు తెలిసింది?" అంది.

అబద్ధానికి అక్కడ చోటుంది. ఈమధ్యే తెలిసిందంటే సరిపోతుంది, ఎవరడుగుతారు? ఆ అబద్ధం నీలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. "ఎమ్మటి ఎండాకాలమే" అంది.

"నేను బస్తీల ఉన్నప్పుడే?"

"ఉన్నప్పుడే."

మల్లమ్మ చేట కింద పెట్టింది. "మా చెల్లెకు కొడుకు వుడితె చూడవోయిన. పిలగాన్ని నా ఒళ్లె వెట్టవోయింది. నేను దిగ్గున లేసి నిలవడ్డ. నా చెయ్యి తాకితె ఏమైతదో అని. అక్కకు మామీద కుళ్లు అని అది ఏడ్సింది. నేనేం జెప్పాలె? మందంటె అన్నరు అక్కా, పోనీ. నా చేతులను నేనే నమ్మలే. గిన్నేండ్లు." ఆమె తన రెండు అరచేతులూ ముందు పెట్టుకుని, వేరేవాళ్ల చేతుల్లా చూసుకుంది.

నీలమ్మ వంగి కాళ్లు పట్టుకోబోయింది. మల్లమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"గీడ కాళ్లు వట్టుకుంటె ఎవరు జూస్తరు? ట్యాంకర్ కాడ అన్నవు. మందంత ఇన్నరు. గాడనే చెప్పు, మందంత ఇన్నట్టు. బంగ్లాల గూడ చెప్పు. గప్పుడు వస్త."

మర్నాడు ట్యాంకర్ వచ్చింది. మల్లమ్మ వచ్చి వరస చివర, ఖాళీ చేతులతో నిలబడింది. నీలమ్మ బిందె కింద పెట్టి, కొంగు నడుముకు చుట్టుకుని మొదలుపెట్టింది. గుడ్ల సంగతి, ఫ్రిజ్ సంగతి, తను అన్న మాట, తెలిసీ దాచిన సంగతి, అన్నీ చెప్పింది. అందరూ తన మొహాన ఉమ్మేస్తారనుకుంది. దానికి సిద్ధపడే వచ్చింది.

"ఏ గుడ్లు?" అంది ఒకామె.

"ఎప్పటి ముచ్చటనే గది, ఇప్పుడెందుకు?" అంది ఇంకొకామె. ఆ రోజు నోరు నొక్కుకున్నవాళ్లలో ఆమే ముందు.

"గా మల్లమ్మ ఎవరు?" అని కొత్తగా వచ్చిన పిల్ల ఒకతె పక్కామెను అడిగింది. ఇంతలో పైపులో నీళ్లు వచ్చాయి. వరస ముందుకు కదిలింది.

ఒక మనిషి బతుకు చెడిపోవడానికి కారణమైన మాట వాళ్లెవరికీ గుర్తు లేదు. ఉమ్మేసినా నీలమ్మకు అంత బాధ వేసేది కాదు. వెనక్కి తిరిగి మల్లమ్మను చూసే ధైర్యం చాల్లేదు ఆమెకు.

బంగళాలో శేషారత్నం గారు పట్టుచీర మడతలు సరిచేసుకుంటూ విన్నారు. "నేనెప్పుడు మానిపించానే? ఓ, అదా... అయితే అప్పుడే చెప్పొచ్చుగా నీలమ్మా, నేను నిన్నే అడిగాను కదా" అన్నారు. ఇంతలో లోపల ఫోను మోగితే వెళ్లిపోయారు.

మల్లమ్మ మాట తప్పలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, గుడిసె వెనక పీట వేసుకుని, కాళ్లు చాపి కూర్చుంది. జంగమ్మ బిడ్డను తెచ్చి ఆమె కాళ్ల మీద పడుకోబెట్టింది. మల్లమ్మ చేతులు బిడ్డ మీద, తాకీ తాకకుండా, గాలిలోనే కాసేపు ఆగిపోయాయి. తర్వాత ఆ చేతులు మెల్లగా దిగాయి. నూనె రాసి వీపు నిమురుతుంటే బిడ్డ రెండుసార్లు కుయ్యిమని, ఊరుకుంది. మల్లమ్మ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతుంటే, తుడుచుకోవడానికి చెయ్యి తీయకుండా, కాచిన నీళ్లు అయిపోయేదాకా అలాగే పోసింది.

బిడ్డను పొత్తిళ్లలో చుట్టి జంగమ్మకిచ్చాక, నీలమ్మ చాయ్ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

"దినాం వస్త. పిల్ల మెడ నిలిచేదాక వస్త" అంది మల్లమ్మ, లేచి చేతులు కడుక్కుంటూ. "నీ ఇంట్ల చాయ్ మాత్రం తాగ."

అన్నట్టే రోజూ వచ్చింది. నీలమ్మ రోజూ గడప మీద గ్లాసు పెట్టింది. మల్లమ్మ దాన్ని దాటుకుని లోపలికి వచ్చేది, దాటుకుని బయటికి పోయేది. పిల్ల బుగ్గలు తేలింది. వరసలో ఇంకో బాలింత మల్లమ్మను పిలిచింది, ఆ తర్వాత ఇంకొకామె.

ఆ మధ్యలో ఒక పెట్ట పొదగడానికి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత నీలమ్మ గంప దించి, ఇసుక పోసి, బొగ్గు, మిరపకాయ, మొలలు పెట్టి, కుండ కింద దాచిన గుడ్లు తెచ్చి పక్కన పెట్టింది. మల్లమ్మ వెళ్లబోతుంటే, "జర నువ్వు వెడతవా?" అని అడిగింది. అడిగే హక్కు తనకు లేదని తెలిసీ అడిగింది. మల్లమ్మ గంపనూ, ఆమెనూ మార్చి మార్చి చూసి, చేతులు కడుక్కుని వచ్చి గుడ్లు ఒక్కొక్కటే పెట్ట కిందికి జరిపింది.

పిల్లలన్నీ లేచాయి. ఒక్క గుడ్డు కూడా మిగల్లేదు. మల్లమ్మ ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తల్లి రెక్క కిందికి వదిలింది. తర్వాత గడప మీది గ్లాసును దాటుకుని వెళ్లిపోయింది. నీలమ్మ మీగడ కట్టిన ఆ చాయ్ పారబోసి, గ్లాసు కడిగి, మర్నాటికి మళ్లీ బోర్లించింది.